కలపడం వేరు, కల్తీ వేరు



పోయిన నెల మనవాళ్ల ఇంట ఒక నిశ్చయతాంబూలం జరిగింది. ఊరు, పేర్లు రాయము. పగలంతా బాగానే నడిచింది. తట్టలు మార్చుకున్నారు, లగ్నపత్రిక చదివారు, ఆకు భోజనం అయింది. రాత్రి లాడ్జి గదిలో మగవాళ్లం పదిమంది కూర్చున్నాం. పెళ్లికూతురి తండ్రి ఒక సీసా తెచ్చి పెళ్లికొడుకు మేనమామ చేతిలో పెట్టాడు. సింగపూరులో పని చేసే కొడుకు వస్తూ వస్తూ విమానాశ్రయంలో కొన్న జానీ వాకర్ గ్రీన్ లేబుల్ అది. ఆయన కళ్లజోడు సర్దుకొని, అట్టపెట్టె మీద అక్షరాలు చదివి, “బ్లెండెడ్ అని ఉందే సంబంధీ! మా ఇంట్లో సింగిల్ మాల్ట్ తప్ప నడవదు. కలిపిన సరుకు మేం ముట్టం” అని నవ్వాడు.

గదిలో అందరూ నవ్వారు. పెళ్లికూతురి తండ్రి కూడా నవ్వాడు. నవ్వి, ఆ సీసాను మెల్లగా మంచం కిందికి తోసేశాడు. రైల్వేలో పని చేసి రిటైరైన మేము నలుగురం అక్కడే ఉన్నాం. ఒక్కరం నోరు తెరవలేదు.

వారం తర్వాత ఆయన మాలో ఒకరికి ఫోన్ చేశాడు. “అన్నా, పెళ్లికి మంచి సింగిల్ మాల్ట్ మూడు సీసాలు కావాలంటే ఎంతవుతుంది? చేతిలో లేదు. మీ మరదలి గాజులు కుదువ పెడదామనుకుంటున్నా” అన్నాడు. అప్పుడు గానీ మాకు బుద్ధి రాలేదు. ఆ రాత్రి చెప్పవలసిన మాట ఇప్పుడు రాస్తున్నాం. ఆలస్యమే, ఒప్పుకుంటాం.

సంఘం పేజీలో మందు సంగతి రాయవచ్చా అని కొందరు అడుగుతారు. తాగమని ఎవరికీ చెప్పడం లేదు. తాగి కుటుంబాలను చెడగొట్టుకున్నవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు, తాగనివాడే తెలివైనవాడు. కానీ సీసా ఎలాగూ మన శుభకార్యాల్లోకి వచ్చి కూర్చుంది. దాని పేరు చెప్పి ఒక తండ్రి తల దించుకున్నాడు. ఇక ఊరుకుంటే డాబు మాటలే శాస్త్రమైపోతాయి.

ముందు ఆ “బ్లెండెడ్” అన్న మాట ఏమిటో చూద్దాం. స్కాచ్ విస్కీకి బ్రిటన్‌లో 2009లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం స్కాచ్ ఐదు రకాలు: సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, ఉత్త బ్లెండెడ్. ఏదైనా సరే స్కాట్లాండులోనే తయారై, అక్కడే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉండాలి. పీపా 700 లీటర్లు మించకూడదు. సీసాలోకి దిగేటప్పుడు ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు.

సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసింది. బ్లెండెడ్ మాల్ట్ అంటే రెండు లేక అంతకంటే ఎక్కువ డిస్టిలరీల సింగిల్ మాల్టులను కలిపింది. అందులోనూ మాల్ట్ తప్ప మరొకటి లేదు. ఉత్త బ్లెండెడ్‌లో అయితే మాల్టుతో పాటు గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాలతో చేసిన గ్రెయిన్ విస్కీ కూడా కలుస్తుంది. మన సీసా మీద ఉన్నది “బ్లెండెడ్ మాల్ట్”. ఆ పెద్దాయన మొదటి మాట చదివి రెండో మాట వదిలేశాడు.

మనకు తెలిసిన కాఫీతో చెప్పుకుందాం. కాఫీ పొడి కొట్టుకు వెళ్తే పీబెర్రీ ఇంత, ప్లాంటేషన్ ఇంత అని చెప్పి కలిపి ఆడించుకుంటాం. ఒకే తోట గింజ ఆడించుకుంటే అది సింగిల్ మాల్ట్ లాంటిది. రెండు మూడు తోటల గింజలు, చికోరీ లేకుండా, కలిపి ఆడిస్తే అది బ్లెండెడ్ మాల్ట్. చికోరీ చేరిస్తే అది ఉత్త బ్లెండెడ్. చికోరీ కాఫీ కూడా తప్పు సరుకేమీ కాదు. మన ఇళ్లలో సగంమందికి అదే ఇష్టం. అయితే పీబెర్రీ, ప్లాంటేషన్ కలిపిన కాఫీని ఎవరైనా “కలిపిన సరుకు” అని తోసేస్తారా?

ఇంకొక సంగతి. “సింగిల్” అన్నది డిస్టిలరీకి చెందిన మాట, పీపాకు కాదు. మామూలు సింగిల్ మాల్ట్ సీసాలో ఉండేదీ ఆ ఒక్క డిస్టిలరీకి చెందిన చాలా పీపాల కలయికే. ఏ పీపాకు ఆ పీపా వేరే రుచి ఇస్తుంది కాబట్టి, ప్రతి ఏడూ ఒకే రుచి రావాలంటే కలపక తప్పదు. కాబట్టి “మేం కలిపింది ముట్టం” అనేవాళ్లు ఇన్నేళ్లుగా కలిపిందే ముడుతున్నారు.

మరి ఈ తక్కువ చూపు ఎక్కడి నుంచి వచ్చింది? దానికీ ఒక కథ ఉంది. ముందు ఈ రకాన్ని “వాటెడ్ మాల్ట్” అనీ “ప్యూర్ మాల్ట్” అనీ పిలిచేవారు. 2003లో కార్డూ అనే పేరున్న సింగిల్ మాల్టుకు గిరాకీ పెరిగి సరుకు చాలలేదు. కంపెనీవాళ్లు ఇతర డిస్టిలరీల మాల్ట్ కలిపి, దాదాపు అదే సీసాలో, “ప్యూర్ మాల్ట్” అని పేరు మార్చి అమ్మారు. తోటి కంపెనీలవాళ్లే కొనేవాళ్లను తికమక పెడుతున్నారని గోల చేశారు. మరుసటి ఏడాది దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తర్వాత వచ్చిన 2009 నిబంధనల్లో ఆ పాత పేర్లు రెండూ పోయాయి, “బ్లెండెడ్ మాల్ట్” అన్నదే చట్టం ఒప్పుకున్న పేరు అయింది. గమనించండి, అక్కడ గొడవ కలిపినందుకు కాదు. కలిపిన సంగతి తేటగా చెప్పనందుకు. చెప్పి కలిపితే కలపడం, దాచి కలిపితే కల్తీ. గ్రీన్ లేబుల్ అట్ట మీద ఆ మాట పెద్దక్షరాల్లోనే ఉంది. నిజం రాసినందుకే ఆ సీసాకు అవమానం జరిగింది.

ఇక రుచి. వాదనతో సరిపెట్టకూడదని మేము నలుగురం ఒక ఆదివారం సాయంత్రం మేడ మీద కూర్చున్నాం. నాలుగు రకాలు: మంచం కింద నుంచి బయటికి వచ్చిన ఆ గ్రీన్ లేబుల్, మంకీ షోల్డర్ అనే మరో బ్లెండెడ్ మాల్ట్, 12 ఏళ్ల సింగిల్ మాల్ట్ ఒకటి, మామూలు బ్లెండెడ్ స్కాచ్ ఒకటి. మాకందరికీ వదిన అయిన ఇంటావిడ లోపల పోసి, టీ గ్లాసుల అడుగున చీటీలు అంటించి, పైకి పంపింది. ఏది ఏదో మాకు తెలియదు. ఒక్కొక్కదానిలో 20 మిల్లీలీటర్లు, ఐసు లేదు, సోడా లేదు.

రంగు చూసి మురిసిపోకూడదు. రంగు కోసం స్కాచ్‌లో కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. ముదురు రంగు అంటే పాత సరుకు అని కాదు. ముక్కును గ్లాసులో ముంచకుండా, నోరు కొంచెం తెరిచి వాసన చూడాలి. చిన్న గుక్క తీసుకొని నాలుక మీద కాసేపు నిలపాలి. తర్వాత నాలుగు చుక్కల నీళ్లు పోసి మళ్లీ చూడాలి. నీళ్లతో కొన్ని వాసనలు అప్పుడే విచ్చుకుంటాయి. మింగిన తర్వాత ఎంతసేపు రుచి నిలిచిందో అదే అసలు పరీక్ష.

ఒక గ్లాసులో ముందు ఎండుగడ్డి, ఆపిల్ పండు వాసన, వెనక సన్నటి పొగ. మేము బొగ్గు ఇంజన్ల కాలం చూసినవాళ్లం. ఆ పొగ కాదిది, వానకు తడిసిన పిడకలు నిదానంగా రాజుకున్నట్టు ఉంది. చివర్లో మిరియం చురుకు. ఇంకొకటి తీయగా, వెనిల్లా, నారింజ తొక్క వాసనతో, పొగ లేకుండా సులువుగా దిగింది.

చీటీలు విప్పితే, పొగ ఉన్నది గ్రీన్ లేబుల్. ముగ్గురం దానికే మొదటి మార్కు వేశాం. తీయనిది మంకీ షోల్డర్. “వాసన చూసి సింగిల్ మాల్ట్ చెప్పేస్తా” అని పందెం కాసిన మా నాలుగోవాడు చూపించింది దాన్నే. పైగా అతనికి అన్నిటికంటే నచ్చింది మామూలు బ్లెండెడ్! నలుగురి నోళ్లు ఒక సాయంత్రం చెప్పిన మాట తీర్పు కాదని మాకు తెలుసు. ఆ సింగిల్ మాల్ట్ కూడా మంచిదే. కానీ పేరు కనబడకపోతే ఆ గర్వం ఎంత తొందరగా జారిపోతుందో మా కళ్లతో మేమే చూశాం.

ఆ పొగకు కారణం ఉంది. గ్రీన్ లేబుల్‌లో చెప్పుకోదగ్గ మాల్టులు నాలుగు: స్కై దీవి నుంచి టాలిస్కర్, ఐలా దీవి నుంచి కావల్ ఈలా, స్పేసైడ్ నుంచి లింక్‌వుడ్, క్రాగన్‌మోర్. దీవుల మాల్ట్ పొగను, చురుకును ఇస్తే, స్పేసైడ్ మాల్ట్ పండు తీపిని, మెత్తదనాన్ని ఇస్తుంది. ఒక్క డిస్టిలరీ ఇవ్వలేనిది నాలుగు చేరి ఇచ్చాయి. సీసా మీద 15 ఏళ్లు అని ఉంటుంది. చట్టప్రకారం అది అందులో అన్నిటికంటే చిన్నదాని వయసు, మిగతావన్నీ అంతకంటే పెద్దవే కావచ్చు. ఆ మేనమామగారి ఇంట్లో మామూలుగా కనబడే సింగిల్ మాల్ట్ 12 ఏళ్లది. మంకీ షోల్డర్ మీద వయసే రాయలేదు. అయినా రుచికి లోటు లేదు. కాబట్టి అంకె కూడా దేవుడు కాదు.

విలువ ఎలా కట్టాలి? మా గుమాస్తా లెక్క ఇది. సీసా ధరను పెగ్గుకు దించండి. 750 మిల్లీలీటర్లలో 30 మిల్లీలీటర్ల పెగ్గులు 25. ఉదాహరణకు సీసా 6,000 రూపాయలైతే పెగ్గు 240. విదేశం సీసా 700 మిల్లీలీటర్లే ఉండవచ్చు, అప్పుడు పెగ్గులు 23 మాత్రమే. తర్వాత ఆల్కహాలు శాతం చూడండి, 40 ఒకటి, 43 ఒకటి. మన దేశంలో తరచు కనబడే 42.8 అన్న వింత అంకె పాత బ్రిటిష్ కొలతలో 75 డిగ్రీల ప్రూఫ్. తర్వాత లోపల ఏముందో, చిన్నదాని వయసెంతో చూడండి. ఆఖరికి మీ నాలుకను అడగండి. పెట్టెను, పక్కవాడి మొహాన్ని అడగవద్దు.

ధరలో సరుకు ఎంత, పన్ను ఎంత అన్నదీ తెలియాలి. 2025లో స్కాచ్ మీద దిగుమతి సుంకం 150 శాతం ఉండేది. వంద రూపాయల సరుకు రేవు దాటేసరికి 250. ఆ పైన రాష్ట్రం పన్ను, దుకాణం లాభం. 2025 జూలైలో బ్రిటన్‌తో మన దేశం చేసుకున్న ఒప్పందంలో ఈ సుంకం ముందు 75కు, పదేళ్లలో 40కి తగ్గాలని ఉంది. ఆ వంద అప్పుడు 175, ఆపైన 140 అవుతుంది. రాష్ట్రాల పన్ను వేరు కాబట్టి దుకాణంలో అంత తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. కానీ ఒకటి ఆలోచించండి. సుంకం తగ్గి, అదే సీసా తక్కువకు దొరికితే, దాన్ని ఇచ్చిన తండ్రి మర్యాద కూడా తగ్గుతుందా? అలా తగ్గేది మర్యాద కాదు, సుంకం.

ఇంకొక మాట మా మనసులో ఉంది. మనం ఈ తమిళనాట తరతరాలుగా ఉన్నాం. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు. మేము తెలుగు అక్షరాలు దిద్దింది యాభై దాటిన తర్వాత. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు “మీది కలగాపులగం తెలుగు” అని నవ్వినప్పుడు మనకు ఎలా ఉంటుంది? తాతలు దాచి ఇచ్చిన మాటలూ ఇక్కడి నేల ఇచ్చిన మాటలూ కలిసినవే మనవి. దాచింది ఏమీ లేదు, అందులో నీచం లేదు. అలా నవ్వించుకున్న మనమే ఇంకొకరి సీసా చూసి “కలిపిన సరుకు” అని నవ్వుతామా?

అందుకని సంఘం ముందు మా విన్నపం ఒకటి. నిశ్చయానికి, పెళ్లికి సీసా ఇవ్వడం, అడగడం రెండూ మానేద్దాం. ఎవరి ఇంట్లో వాళ్లు, వాళ్ల డబ్బుతో, వాళ్ల ఒంటికి తగినట్టు ఏం చేసుకున్నా అది వాళ్ల ఇష్టం. వియ్యంకుల మధ్య మాత్రం అది కొలబద్ద కాకూడదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మాట పెడతాం. మద్దతు ఇచ్చేవాళ్లు, కాదనేవాళ్లు ఇద్దరూ రండి.

ఆ తండ్రికి మేము చెప్పిన జవాబు కూడా రాస్తాం. “తమ్ముడూ, మూడు సీసాలూ వద్దు, ఒకటీ వద్దు. గాజులు మరదలి చేతికే ఉండనీ. నువ్వు తెచ్చిన సీసా ఆ గదిలో అందరికంటే పెద్దమనిషి. మేము రుచి చూసి చెప్తున్నాం” అన్నాం. ఫోనులో కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, “మిగిలింది ఎంతుంది అన్నా?” అని అడిగాడు. సగం పైనే ఉంది. పెళ్లి అయిన మరుసటి రోజు, మేడ మీద, ఆయనకే మొదటి గ్లాసు.

మీ అభిప్రాయాలు కింద రాయండి. తెలుగు లిపి రానివాళ్లు తమిళ అక్షరాల్లో తెలుగు రాసినా సరే, మేము చదువుకుంటాం.