ల్యూమెన్లు కాదు, గంటలు చూడండి

బోధన్ వైపు రాత్రిపూట మోటరు పెట్టడానికో, పంటకు అడవిపందుల కాపలాకో వెళ్లే రైతుకు తలకు కట్టుకునే లైటు కొత్తేమీ కాదు. నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. కొండలెక్కాలనుకునే ఈ జిల్లా పిల్లలకు అప్పటి నుంచి ఒక దారి కనబడింది. ఆ దారిలో ముందుగా కొనే సామానులో హెడ్‌ల్యాంప్ ఒకటి. నిజామాబాద్ దుకాణంలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా కొనేవాళ్ల చూపు పడేది పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే ల్యూమెన్ల మీదే. నన్నడిగితే అది ఆఖర్న చూడాల్సిన అంకె. నడక ముగిసేదాకా ఎంత వెలుగు నిలుస్తుందన్నది ముందు తేల్చుకోవాలి.

ల్యూమెన్ అంటే లైటు నుంచి వెలువడే మొత్తం కాంతి. అది ఎంత దూరం పోతుందో ఆ అంకె చెప్పదు. కాంతి పోయేకొద్దీ పలచబడుతుంది కాబట్టి, 400 ల్యూమెన్లను 800 చేసినా చూపు ఆనే దూరం రెట్టింపు కాదు, సుమారు 1.4 రెట్లు అవుతుంది. బ్యాటరీ మాత్రం దాదాపు సగం సమయానికే అయిపోతుంది. 2009లో అమెరికాలో టార్చిలైట్లకు వచ్చిన ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం, వెలుగు మొదటి దాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా లైటు ‘పనిచేస్తున్నట్టే’ లెక్క. అంటే 400 ల్యూమెన్లు, ఆరు గంటలు అని రాసి ఉంటే, ఆరో గంటలో మిగిలేది 40 కావచ్చు. ఎవరెస్టు ఆఖరి ఎక్కుడు రాత్రిపూటే మొదలవుతుంది, గంటల తరబడి సాగుతుంది. పైగా గడ్డకట్టే చలిలో రీచార్జి బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. అక్కడ పనికొచ్చేది మొదటి నిమిషపు మెరుపు కాదు. ఇక తెల్లవారుజామున ఆర్మూరు సిద్ధులగుట్ట ఎక్కడానికి 100, రాళ్ల మీద దిగడానికి 200 ల్యూమెన్లు నిలకడగా వస్తే చాలు.

అడవిలో ఎలుగుబంటో చిరుతో ఎదురైతే ఎక్కువ వెలుగుంటేనే కదా క్షేమం అనవచ్చు. నిజమే, కానీ ఆ అవసరం ఒకటి రెండు నిమిషాలది. దానికి పెద్ద వెలుగు మీట ఒకటి ఉంటే సరిపోతుంది. మిగతా సమయమంతా దాన్నే వాడితే దగ్గరి రాళ్ల మీది వెలుతురు కంటికే కొడుతుంది. లైటు ఆర్పాక కళ్లు మళ్లీ చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మసక ఎర్ర లైటు ఉన్న రకం మేలనేది అందుకే. సెల్‌ఫోన్ టార్చి ఉండగా ఇదెందుకన్నది మరో మాట. టార్చి పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే, రాళ్లెక్కేటప్పుడు రెండు చేతులూ కావాలి. దారి తప్పితే సాయానికి పిలవాల్సిన ఫోన్‌ను టార్చిగా వాడి చార్జి అయిపోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

ఖరీదు సంగతంటారా, ఊరి కిరాణా కొట్లో దొరికే సన్న సెల్లులతో నడిచే చిన్న లైటు, జేబులో మరో జత సెల్లులు చాలామందికి సరిపోతాయి. ముందు గంటలు, తర్వాత బరువు, ఆపైన వానజల్లుకు తట్టుకునే ఐపీఎక్స్4 గుర్తు, అన్నిటికన్నా చివర ల్యూమెన్లు చూడండి. ఎంత వెలుగు ఎన్ని గంటలో రాయని పెట్టెను, దాని మీద ఎంత పెద్ద అంకె ఉన్నా, దుకాణదారుకు తిరిగిచ్చేయండి.