కండెకు రెండు కొనలు

పెందుర్తి నుండి నగరమునకు పోవు ఉదయపు బస్సులో మన విద్యార్థులు జీవశాస్త్రమును వల్లె వేయుచుండగా మేము తరచుగా వినుచుందుము. సెంట్రోసోమ్, సెంట్రియోల్ అని పెదవులు కదలును. అవి ఏమని అడిగినచో మౌనమే సమాధానము. తెలుగు బోధించు మాకు ఆ శాస్త్రముతో పనియేమని కొందరనవచ్చును. మాట అర్థము కాని చోట భాషోపాధ్యాయునికి పని ఉన్నదనియే మా నమ్మకము.

జంతుకణములో కేంద్రకము చెంత నుండు చిన్న నిర్మాణము సెంట్రోసోమ్. అందు రెండు సెంట్రియోళ్ళు ఒకదానికొకటి లంబముగా నుండును. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు 2,000వ వంతు పొడవు గల గొట్టము. దాని గోడ యందు మూడేసి సూక్ష్మనాళికల కట్టలు తొమ్మిది. వాటి చుట్టునున్న ప్రోటీను పదార్థము నుండి సూక్ష్మనాళికలు పోగులవలె మొలచును.

కణము తన డి.ఎన్.ఏ.ను రెట్టింపు చేసికొను దశలోనే ప్రతి పాత సెంట్రియోల్ ప్రక్కన ఒక కొత్తది మొలచుట ఆరంభమగును. రెండు నాలుగగును; జంటలు విడిపోయి చెరియొక ధ్రువమునకు చేరును. వాటి నడుమ పోగులతో ఏర్పడు ఆకృతికి మన పాఠ్యపుస్తకములు పెట్టిన పేరు ‘కండె’. నడుమ లావై, కొనలు సన్నమైన నూలుకండెను చూచినవానికి ఆ బొమ్మను వల్లె వేయ పనిలేదు.

ఈ రెట్టింపు ఒక కణచక్రములో ఒక్కసారియే జరుగవలెను. పాత కొత్త సెంట్రియోళ్ళు అంటియున్నంతవరకు మరియొకటి మొలవదు. విభజన ముగియు వేళ అవి విడివడిన పిదపనే మరల అవకాశము. ఈ కట్టుబాటు తప్పినచో కండెకు మూడు నాలుగు కొనలేర్పడి, క్రోమోసోములు సరిగా పంపకము కావు. జర్మను శాస్త్రవేత్త థియోడోర్ బొవేరీ, సీ అర్చిన్ అను ముండ్ల సముద్రజీవి అండములలో ఇట్టి గందరగోళమును గమనించి, క్యాన్సరుకు మూలమిట్టిదే కావచ్చునని 1914లో వ్రాసెను. పెక్కు క్యాన్సరు కణములలో అదనపు సెంట్రోసోములున్నట్లు తరువాతి పరిశోధకులు కనుగొనిరి. ఇంతటి విషయము మన పిల్లలకు రెండు మార్కుల బొమ్మగా మిగులుట విచారకరము.

ఇంగ్లీషు పేర్లు వలదని మేమనము. పై చదువులకు అవి కావలెను. కాని 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము మొదట ఉర్దూలోనే ఉన్నత శాస్త్రములను బోధించెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల గ్రంథములను తెలుగులో వెలువరించెను. ఈ రెండు వారసత్వములును మన కళాశాలవే. కండె అన్నను, ఉర్దూ ఇండ్లలో కదురుకు వాడు ‘తక్లా’ అన్నను, పిల్లవాని కన్నులకు ఒక వస్తువు కట్టును. శాస్త్రాధ్యాపకులును భాషాధ్యాపకులును వారమునకొక గంట కలిసి కూర్చుండి, ముందు వస్తువును, పిదప పేరును నేర్పవలెనని మా మనవి.