జట్టు ఎవ్వరిది?

పొట్టివారు పొడుగువారి ఆటను ప్రాణముగా ప్రేమించుట వింతగా దోచును. ఫిలిప్పీన్సు దీవులలో బాస్కెట్ బాల్ అట్టి ఆట. పది అడుగుల యెత్తున నున్న వలయములో బంతిని వేయవలసిన ఈ క్రీడకు దీర్ఘకాయులే తగుదురని లోకము తలంచును. అయినను ఆ దీవులలో చర్చి ముంగిట, ఇరుకు సందులలో, కొబ్బరి మ్రానునకు బిగించిన పలక క్రింద, బాలురు రబ్బరు చెప్పులతోనే ఈ ఆట ఆడుచుందురు. ఆ దేశపు వృత్తిక్రీడాకారుల పోటీలను కొంతకాలముగా శ్రద్ధతో చూచుచున్న అభిమానులలో మేమును చేరియున్నాము. ఆ ఆటపై మాకు గల ప్రీతిని, దానిని నడుపు తీరుపై మాకు గల అసమ్మతిని మా విద్యార్థుల యెదుట, వారి తల్లిదండ్రుల యెదుట ఉంచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ ఆటను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమున, వై.ఎం.సి.ఎ. శిక్షణాలయములో జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు కల్పించెను. చలికాలమున గదిలోపల ఆడుటకు వీలుగా రెండు పండ్లబుట్టలను ఎత్తున వ్రేలాడగట్టి ఆయన దీనిని ప్రారంభించెను. ఆ సంస్థకు చెందిన హారీ క్రో బక్ గారే 1920లో మద్రాసున వ్యాయామ కళాశాలను స్థాపించిరి. ఫిలిప్పీన్సు ఆనాడు అమెరికా పాలనలో నుండుటచే అచ్చటి బడులలోనికి ఈ ఆట త్వరగా ప్రవేశించెను. మొదట బాలికలు ఆడిరి. పిదప దేశమంతయు ఆడెను. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలలో ఆ జట్టు అయిదవ స్థానము పొందెను. 1951లో మన ఢిల్లీ నగరమున జరిగిన తొలి ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచినది వారే. 1954లో బ్రెజిలులో జరిగిన ప్రపంచ పోటీలలో మూడవ స్థానము నందిరి. అనగా, ఆటగాండ్రకు జీతములిచ్చు వ్యవస్థ ఏర్పడుటకు పూర్వమే ప్రజలు ఈ ఆటను తమదిగా చేసికొనియుండిరి. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మా వాదమంతయు దీనిపైననే నిలిచియున్నది.

వృత్తిక్రీడ 1975లో మొదలయ్యెను. అంతకుముందు మనీలాలోని వర్తక, పారిశ్రామిక సంస్థలు తమ తమ జట్లను పోషించి, ఔత్సాహికుల పోటీలు నడుపుచుండెడివి. అందుండి తొమ్మిది జట్లు వేరుపడి ఫిలిప్పీన్ బాస్కెట్ బాల్ సంఘముగా నేర్పడెను. దానినే పి.బి.ఏ. యందురు. 1975 ఏప్రిలు 9వ తేదీన కెసోన్ నగరములోని అరనేటా కొలీజియమున దాని తొలి పోటీలు ప్రారంభమయ్యెను. ఆసియాలో మొట్టమొదటి వృత్తి బాస్కెట్ బాల్ వ్యవస్థ ఇదియే. సంస్థల కడుపున బుట్టినది గావున అచ్చటి జట్లకు ఊళ్లపేర్లు లేవు; సరుకుల పేర్లు, సంస్థల పేర్లు మాత్రమే కలవు. ఒక జట్టు బీరు పేరు, ఒకటి జిన్ అను మద్యము పేరు, ఒకటి విద్యుచ్ఛక్తి సంస్థ పేరు, మరియొకటి టెలిఫోను సంస్థ పేరు ధరించి ఆడుచుండును. ఉపాధ్యాయులమైన మాకు బాలుర చొక్కాలపై మద్యము పేరు కనబడుట రుచింపదు. కాని అంతకు మించిన చిక్కు మరియొకటి కలదు.

తొలి దినములలో క్రిస్పా, టొయోటా అను రెండు జట్లు దేశమును రెండుగా చీల్చెను. క్రిస్పా బట్టల సంస్థ; టొయోటా కార్ల సంస్థ. ఒకే యింట అన్నదమ్ములు చెరియొక పక్షము వహించెడివారు. ఒక సంవత్సరమున జరుగు పోటీల కప్పులన్నియు ఒకే జట్టు గెలుచుట మహావిజయము. దానిని క్రిస్పా 1976లోను, 1983లోను సాధించెను. అట్టి జట్లు ఏమైనవి? 1983 పోటీల పిదప టొయోటా, 1984 పోటీల పిదప క్రిస్పా ఆట విరమించెను. సంస్థల లెక్కలలో అది ఒక ఖర్చు తగ్గించుకొనుట. అభిమానికో, పదేండ్ల ప్రేమకు తెరదించుట. అతని నెవ్వరును అడుగలేదు. ఇటీవల 2022లో అలాస్కా అను పాల సంస్థ, పదునాలుగు కప్పులు గెలిచిన తన జట్టును మరియొక సంస్థకు అప్పగించి తొలగిపోయెను. ఆటగాండ్రు మిగిలిరి, ఆ పేరు, ఆ చరిత్ర, ఆ పాట పాడుకొన్న వారి గర్వము మిగులలేదు.

అయినను అభిమాని ఓడిపోలేదు. టొయోటా జట్టు చెదరినప్పుడు అందు ప్రధానుడైన రాబర్ట్ జవోర్స్కీ జిన్ సంస్థ జట్టులో చేరెను. లక్షలాది ప్రజలు ఆయన వెంటనే కదలి వచ్చిరి. 1985లో ఒక ఆటలో ప్రత్యర్థి మోచేయి తగిలి ఆయన పెదవి చీలెను. ఆసుపత్రిలో తొమ్మిది కుట్లు వేయించుకొని, ఆట ముగియకమునుపే తిరిగివచ్చి ఆడెను. వెనుకబడియున్న జట్టు గెలిచెను. నాటినుండి ఓటమి నొప్పుకొనకుండుటయే ఆ జట్టు ధర్మమని ప్రజలు చెప్పుకొందురు. ఆయన 1998లో ఆ దేశపు సెనేటునకు ఎన్నికయ్యెను. ఆ జట్టు పేరు బరంగాయ్ హినేబ్రా. హినేబ్రా యనగా జిన్. బరంగాయ్ యనగా ఆ దేశమున పాలనకు మూలమైన చిన్న గ్రామము లేక పేట. చూడుడు, ఊరి పేరు లేని జట్టునకు ప్రజాభిమానమే ఊరైనది! 2023 జనవరి 15వ తేదీన ఆ జట్టు హాంకాంగు నుండి వచ్చిన అతిథి జట్టుతో కప్పు కొరకు ఏడవ ఆట ఆడగా, 54,589 మంది చూడవచ్చిరి. అంతమందిని పిలిచినది మద్యపు సీసా కాదు.

ఇట్టి ప్రేమకు ప్రతిగా అభిమానికి దక్కవలసినదేమి? న్యాయమైన ఆట. అందే మా అసమ్మతి. 2024లో పండ్రెండు జట్లుండగా, వానిలో ఆరు రెండు మహాసంస్థల గుంపులకు చెందినవి. ఒక్కొక్క గుంపునకు మూడేసి జట్లు. ఒకే యజమానికి చెందిన రెండు జట్లు తలపడునప్పుడు ఆటగాండ్రు ఎంత నిజాయితీగా ఆడినను, చూచువాని మనస్సున సందేహపు ముల్లు గ్రుచ్చుకొనును. క్రొత్త ఆటగాండ్ర నెన్నుకొనుటలో బలహీనమైన జట్టునకు మొదటి వంతు నిచ్చుట సమత్వము కొరకు పెట్టిన నియమము. 2017లో కియా జట్టు ఆ మొదటి వంతును, అప్పటికే మేటియైన శాన్ మిగెల్ జట్టునకు మార్పిడి చేసెను. అభిమానులు మండిపడిరి; యజమానులలోనే చీలిక వచ్చెను; ఆ మార్పిడి నంగీకరించిన కమిషనరు కొలదికాలములో పదవి వీడెను. నియమము అక్షరముగా నిలిచినది, ఉద్దేశముగా కూలినది.

సంస్థల పక్షమునను చెప్పవలసినది కలదు. జీతములిచ్చునది వారే, ప్రాంగణపు ఖర్చు భరించునది వారే. సెబూ ద్వీపములోని పినముంగహన్ అను చిన్న పట్టణమునుండి వచ్చిన జూన్ మార్ ఫహార్డో 2014 మొదలు 2019 వరకు వరుసగా ఆరుమారులు ఉత్తమ క్రీడాకారుడయ్యెనన్నచో, ఆ నేర్పునకు జీవనోపాధి కల్పించినది ఈ వ్యవస్థయే. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున ఫిలిప్పీన్సు జట్టు జోర్డానును గెలిచి, 1962 తరువాత మొదటిసారిగా ఆసియా క్రీడల స్వర్ణము తెచ్చినది. ఆ జట్టులోని పలువురు ఇందు పెరిగినవారే. ఈ మేలును మేము కాదనము. అన్నము పెట్టువానిపై కృతజ్ఞత వలయును. కాని అన్నము పెట్టువాడు ఇంటి నియమములను తన కొకరీతిగా, ఇతరులకొకరీతిగా వ్రాసికొనుటకు ఆ కృతజ్ఞత అనుమతిపత్రము కారాదు.

కావున మా అభిప్రాయమిది. ఒక యజమానికి ఒకే జట్టు ఉండవలెను. ప్రతి జట్టును ఒక ఊరికో, ఒక సీమకో కట్టుబడియుండవలెను. ఆ దేశముననే 2018లో ఆటలు ప్రారంభించిన మహర్లికా అను వేరొక పోటీవ్యవస్థ జట్లకు ఊళ్లపేర్లు పెట్టినది. కనుక ఇది అసాధ్యము కాదు. పేరులో నేమున్నదని కొందరందురు. మన యెరుకలోని దృష్టాంతము చూడుడు. 2009లో క్రికెట్ ఐ.పి.ఎల్. కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్సు జట్టు 2012లో యజమాని ఆర్థిక సంకటములచే అంతరించెను. అయినను హైదరాబాదు స్థానము నిలిచినందున మరుసటి యేడే ఆ నగరమునకు వేరొక జట్టు వచ్చెను. యజమాని పోయినను ఊరు మిగులును. 2014లో ఆరంభమైన ప్రో కబడ్డీలో ఒక జట్టు తెలుగు టైటాన్సు అను పేర భాషనే బిరుదుగా ధరించినది. ఆంధ్ర, తెలంగాణముల వెలుపల పెరుగుచున్న మన బాలుడు సైతము టికెట్టు లేకయే ఆ జట్టును నాదనగలడు.

ఈ మాట ఆటతో ముగియదు. ఇతర భాషల నడుమ నున్న మన తెలుగు తరగతి గదిని ప్రభుత్వము కట్టించవచ్చును, ఉపాధ్యాయులకు జీతమీయవచ్చును, తరగతిలో పిల్లలు తగ్గినచో మూసివేయనువచ్చును. ఆ అధికారము మన చేతిలో లేదు. కాని బల్లపై కూర్చుండు బాలుని పంపుట తల్లిదండ్రుల చేతిలోనే యున్నది. తమదని పత్రము లేని జట్టును ఫిలిప్పీనో ప్రజలు ఏబది యేండ్లుగా రాకమానక నిలబెట్టిరి. వచ్చి కూర్చుండువారికి ప్రశ్నించు హక్కు తానే వచ్చును. బడియందును, ఆటయందును ఆ హక్కును వాడుకొనుడని మా పాఠకులను కోరుచున్నాము.