పత్తర్‌గట్టీలో లాటిన్ క్లాస్

పోయిన ఆదివారం అమ్మమ్మ ముత్యాల దండ పట్టుకుని పత్తర్‌గట్టీ వెళ్లాను. దారం తెగేలా ఉంది, చెల్లి పెళ్లికి ఇరవై రోజులే టైముంది. ఆవిడ మిగిల్చిన నగ అదొక్కటే. షాపు పెద్దాయన ఒక్కో ముత్యాన్ని లైటు కింద తిప్పి చూసి, "బేటా, అన్నీ ఒక సైజు లేవు. ఓ ఆరు మార్చేస్తే ఏక్‌దమ్ కొత్త దండ" అన్నారు.

"చాయ్ తాగొస్తా చాచా" అని బయటికొచ్చేశా. చేతిలో ఫోనుంటే నాకు మాటల పుట్టుక వెతికే పిచ్చి.

లాటిన్‌లో ముత్యం 'మార్గరీతా'. అవును, మీరు ఆర్డర్ పెట్టే మార్గెరిటా పిజ్జా దీని చుట్టమే. ఇటలీ రాణి పేరు మీద పెట్టారంటారు, ఆ పేరుకి అర్థం ముత్యం. గ్రీకులో 'మార్గరీతేస్' పుంలింగం. రోమన్లు తీసుకుని స్త్రీలింగం చేసేశారు, మనం కోడ్‌లో టైప్ మార్చినంత ఈజీగా! గ్రీకుల దగ్గరికి అది ఇరానీ భాషల నుంచి వచ్చిందని పండితుల అంచనా. పర్షియన్‌లో ముత్యం 'మర్వారీద్'. చార్మినార్ దగ్గర యునానీ మందుల షాపుల్లో అడిగి చూడండి, 'ఖమీరా మర్వారీద్' అనే లేహ్యం ఇస్తారు. పిజ్జాకీ ఆ డబ్బాకీ బంధుత్వం ఉందన్నమాట.

గ్రామర్ మనకి కొత్తేం కాదు. మనం ముత్యం, ముత్యపు, ముత్యాల అన్నట్టే వాళ్లు మార్గరీతా, మార్గరీతాయ్, మార్గరీతారుమ్ అంటారు. 'యొక్క' అక్కర్లేదు, మాట చివర మారితే చాలు.

అసలు నన్ను ఆపేసింది రెండో మాట, 'ఊనియో'. పెద్ద, మేలైన ముత్యానికి రోమ్‌లో ఆ పేరు. 'ఊనుస్' అంటే ఒకటి. ఏ రెండు ముత్యాలూ అచ్చం ఒకేలా దొరకవు కాబట్టి ఆ పేరొచ్చిందని 1వ శతాబ్దంలో ప్లినీ రాశాడు. ముత్యం అన్నప్పుడు పుంలింగం, ఐక్యత అన్నప్పుడు స్త్రీలింగం. ఒక రకం ఉల్లిపాయనీ అదే మాటతో పిలిచేవారు, ఇంగ్లిష్ ఆనియన్ అక్కడి నుంచే వచ్చింది. బిర్యానీ పక్కన రైతాలో తేలేది కూడా ఊనియోనే!

చెల్లికి మెసేజ్ పెట్టా: "ఫొటోల్లో ఎగుడుదిగుడుగా కనిపిస్తుందేమోనే, మార్పించనా?"

"అమ్మమ్మ మెళ్లో అలాగే ఉండేది కదా" అని రిప్లై.

లోపలికెళ్లి, "ఒక్కటి కూడా మార్చొద్దు చాచా. దారం కొత్తది వేసి, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయండి" అన్నా. ఆయన నవ్వి, నా ముందే అన్నీ లెక్కపెట్టి రసీదు మీద రాశారు: 86.