రేపు ఇంట్లోనే ఉంటావా?

మాధవరం చుట్టుపక్కల, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పంటపని అయిపోతే సుగ్గికి వెళ్లేవాళ్లు ఎందరో. మిరపకోతలకు గుంటూరు దాకా పోతారు. ఇంటి మనిషి దూరంగా ఉండటం ఇక్కడ కొత్తేం కాదు. ఎప్పుడొస్తారో తెలియకపోవడమే కష్టం. పిల్లలున్న పైలట్ ఇంట్లోనూ అదే చిక్కు.

ఎయిర్‌లైన్స్‌లో చేరితే డ్యూటీ చార్టు ముందే చేతికొస్తుంది. వేళగాని వేళల్లో వెళ్లాలి, పండగపూటా ఆకాశంలోనే. అయితే వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ డీజీసీఏ 2024లో తెచ్చిన నిబంధన 2025 జులైలో అమల్లోకి వచ్చింది.

కార్పొరేట్ విమానమైతే ఎగిరే గంటలు సాధారణంగా తక్కువ. ఇంట్లో ఉండే రోజులు ఎక్కువే కావచ్చు. కానీ యజమాని ఫోన్ చేస్తే పాప పుట్టినరోజైనా బయల్దేరాలి. తిరుగు ప్రయాణం ఆయన పని ముగిశాకే!

ఓర్వకల్లులో 2021 మార్చి నుంచి విమానాలు దిగుతున్నాయి. వాటిని చూసి పైలట్ కావాలనుకునే పిల్లలు కర్నూలు జిల్లాలోనూ ఉంటారు. రేపు ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతంతోపాటు ఇంకోటీ అడగాలి... 'సెలవురోజు పిలిస్తే రానని చెప్పొచ్చా?' అని. ఆ మాట రాసిచ్చే యజమాని దొరికితే కార్పొరేటే నయం. లేదంటే డ్యూటీ చార్టే ఇంటికి భరోసా.