మానిన మత్తు తిరుగబెట్టినచో



మత్తుమందులను గురించి పత్రికలలో వచ్చు వార్తలు చాలవరకు పట్టివేతలను గురించినవే. చికిత్స పొంది ఇల్లు చేరినవానికి వ్యసనము తిరుగబెట్టుచున్నదని ఇంటివారెట్లు కనిపెట్టవలెనో తెలుపునవి అరుదు. కావున ఈ నాలుగు మాటలు ప్రకటింప ప్రార్థన.

మాది బరంపురంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబము. నేను ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి విరమించితిని. నా తమ్ముని కుమారుడు కోడీన్ కలిసిన దగ్గుమందుతో మొదలిడి బ్రౌన్ షుగరు వరకు పోయి, చికిత్సతో ఎనిమిది మాసములు బాగుండి, మరల అందులో పడెను. ఆసుపత్రిలో ఇచ్చిన సూచనల కాగితము ఒడియాలోను, ఇంగ్లీషులోను ఉన్నది. మా మరదలు ఒడియా మాట్లాడును గాని, తెలుగు తప్ప చదువలేదు. కుర్రవానిని రాత్రింబగళ్లు కనిపెట్టియుండునది ఆమెయే.

మందు ముట్టుటకు ముందే మార్పు కనబడును. ఆసుపత్రి తేదీలు తప్పించును. “నాకు నయమైనది, ఇంక మాత్రలెందుకు” అనును. పాత స్నేహితులు మరల తలుపు తట్టుదురు. ముట్టిన పిమ్మట మాటల మధ్యనే కునుకు, ఒళ్లు గోకికొనుట, మలబద్ధకము, మసక వెలుతురులో సైతము ఆవగింజవలె చిన్నవైన కంటిపాపలు కానవచ్చును. మందు దొరకనినాడు ఆవులింతలు, కంట ముక్కున నీరు, గగుర్పాటు, కాళ్ల పీకులు, విరేచనములు. పడిసెమని ఇంటివారనుకొందురు. బయటకు పోయి వచ్చిన గంటలో మాయమగు పడిసెమును అనుమానింపవలెను. ఇంటిలో పైకము తగ్గుట, అడుగున మసిపట్టిన వెండికాగితములు కూడ గురుతులే.

అయితే ఏ ఒక్క గురుతును రుజువుగా తీసికొనరాదు. చికిత్సకిచ్చు బుప్రెనార్ఫిన్ మాత్రల వలన కూడ కంటిపాపలు చిన్నవగుట, మలబద్ధకము కలుగవచ్చును. నాలుగైదు గురుతులు కలిసినప్పుడు కుర్రవానిని ఒంటరిగా కూర్చుండబెట్టి నెమ్మదిగా అడిగి, వైద్యునికి చూపవలెను.

దాచుట అన్నిటికంటె ప్రమాదము. కొన్ని వారములు మానినవాని శరీరము పాత మోతాదును తట్టుకొనలేదు. అదే మోతాదు మరల తీసికొన్నచో ఊపిరి ఆగి ప్రాణము పోవచ్చును. పెదవులు నీలమై, గురకవంటి శబ్దముతో, ఎంత లేపినను లేవనిచో పక్కకు తిప్పి పరుండబెట్టి వెంటనే 108కి ఫోను చేయవలెను. ఏమి తీసికొన్నాడో దాచక చెప్పవలెను. నాలోక్సోన్ అను విరుగుడు మందు గలదు.

మావంటి ఇండ్లలో ఈ సంగతి బయటపెట్టరు. ఇచ్ఛాపురము, సోంపేట, పలాస వైపు నుండి రావలసిన సంబంధములు తప్పిపోవునని భయము. కొందరు కొట్టుదురు, గదిలో పెట్టి గొళ్లెము వేయుదురు. జ్వరము తిరుగబెట్టినదని ఎవరినైనను కొట్టుదుమా? ఇదియు తిరుగబెట్టు వ్యాధియే. పోలీసుల భయముతో చికిత్స మానువారును గలరు. స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు గుర్తింపు పొందిన సంస్థలో స్వయముగా చికిత్సకు వచ్చినచో, 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64ఎ నిబంధన అతనికి ప్రాసిక్యూషను నుండి రక్షణ కల్పించుచున్నది. 14446 నంబరుకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

రాష్ట్రేతర తెలుగు సంఘములవారు సంక్రాంతి, ఉగాది సభల ఆహ్వానములతోపాటు ఈ గురుతులను వైద్యులచే సరిచూపించి, ఒక తెలుగు కరపత్రముగా అచ్చువేయించి ఇంటింట పంచవలెను. ఖర్చు స్వల్పము. తల్లులు చదువగల భాషలో ఉన్నప్పుడే అది పనికివచ్చును.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బరంపురం (గంజాం జిల్లా, ఒడిశా)