అబద్ధం చెప్పినవాడి జేబు ముట్టరేం?

మా తోట్లవల్లూరు రైతు దుగ్గిరాల యార్డులో పసుపు దించితే, బస్తాలో తేమ కాస్త ఎక్కువున్నా అక్కడికక్కడే ధర కోసేస్తారు. అదే పెద్ద కంపెనీ అబద్ధం చెబితే? ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ బ్యాంకు నిల్వల్లో చూపించిన 5,040 కోట్లు అసలు లేనేలేవని 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. మూణ్నెల్ల ముందే ఆ కంపెనీ 649 కోట్ల నిర్వహణ లాభమని లోకానికి చాటింది. నిజంగా వచ్చింది 61 కోట్లు! ఉత్తరం బయటపడ్డ రోజే షేరు నాలుగింట మూడొంతులకు పైగా కూలింది.

శిక్ష పడలేదా అంటారు. పడింది, 2015 ఏప్రిల్‌లో, ఏడేళ్లు. నెల దాటగానే పై కోర్టు దాన్ని నిలిపి బెయిలిచ్చింది. అంతకుముందు రెండున్నరేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు, కాదనను. నా గొడవ జైలు గురించి కాదు, డబ్బు గురించి. అమెరికాలో షేర్లు కొన్నవాళ్లు కోర్టుకెక్కితే 2011లో 12.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ సొమ్ము కట్టింది కూడా రాజు కాదు, అప్పటికే చేతులు మారిన సత్యం కంపెనీయే. ఇక్కడ కొన్న మనవాళ్లకు దమ్మిడీ రాలేదు. రాజును, మరికొందరిని 1,849 కోట్లు కక్కమని 2014లో అన్న షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, 2023 నవంబరులోనూ ఆ లెక్క మీద మళ్లీ ఆర్డరు రాస్తూనే ఉంది.

అగ్రిగోల్డ్ సంగతి మన జిల్లాలో ఎవరికి తెలియదు? బెజవాడ కంపెనీ. స్థలమైనా ఇస్తాం, సొమ్మైనా ఇస్తాం అంటే సుమారు 32 లక్షల మంది కట్టారు. పైవాళ్లు చెప్పిన మాటే పల్లెలో ఏజెంటు అరుగు మీద కూర్చుని చెప్పాడు. బెడిసికొట్టాక జనం పట్టుకున్నది ఆ ఏజెంటు కాలరు. 2019లో పదివేల లోపు, 2021లో ఇరవైవేల లోపు కట్టినవాళ్లకు సొమ్మిచ్చింది ప్రభుత్వం, అంటే మన పన్నులు. పేదవాడికి అందింది, సంతోషమే. కానీ ఆ ఖర్చు మనమెందుకు పెట్టుకోవాలి?

చట్టం లేక కాదు. 2013 కంపెనీల చట్టం 447వ సెక్షన్ మోసానికి పదేళ్ల దాకా జైలంటుంది. 245 కింద వాటాదారులు కలిసి దావా వేయొచ్చు, వందమంది కూడితే! పది షేర్లున్న రిటైర్డు మాస్టారు ఆ వందమందిని ఎక్కడ వెతుకుతాడు? ఆ దావా సెబీయే వేయాలి. దొంగ లెక్కల మీద సంతకం పెట్టినవాళ్ల సొంత ఆస్తి మొదటి రోజే జప్తు చేసి, నేరం తేలగానే నష్టపోయినవాళ్లకు పంచాలి. ఓటడగడానికి వచ్చే బందరు ఎంపీ అభ్యర్థి ఎవరైనా సరే, పార్లమెంటులో ఇది అడుగుతావా లేదా అని గుమ్మంలోనే నిలదీయండి.